ఆయుధపూజనాడు నా క్రికెట్ టీము

లేని ఆటగాళ్లకు పండగ సెలవు ఇవ్వాలా వద్దా అన్న విషయం మీద నేను ఒక ఏడాదంతా పోట్లాడాను. ఇప్పుడు చెబితే ఇంట్లో పిల్లలు నవ్వుతారు. ఆ రోజుల్లో మాత్రం నాకు అంతకంటే పెద్ద సమస్య ఈ భూమ్మీద లేదు.

అది ఇంటర్నెట్‌లో ఆడే క్రికెట్ ఆట. బ్యాటు పట్టేది లేదు, బంతి వేసేది లేదు. మనకొక టీము ఇస్తారు. అందరూ లేని మనుషులే. వాళ్లకు ప్రాక్టీసు చేయించాలి, ఎవరిని దించాలో ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించాలి. సాయంత్రం అయ్యేసరికి ఎక్కడో విదేశంలో ఉన్న కంప్యూటర్ తనంతట తానే మ్యాచ్ ఆడించేసి ఫలితం చెబుతుంది. పొద్దున పదింటికి పిచ్ ఎలా ఉందో, ప్రాక్టీసులో ఎవరికి దెబ్బ తగిలిందో తెర మీద పెడతారు. అది చూసుకుని సాయంత్రంలోపు టీము మార్చుకోవాలి. మార్చుకోలేదంటే నిన్నటి టీమే దిగుతుంది. కాలికి కట్టు కట్టినవాడు కూడా కుంటుకుంటూ వచ్చి బౌలింగు వేస్తాడు.

ఈ పిచ్చి నాకు అంటించింది మిషన్ స్కూల్లో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన సార్. తాతల కాలం నుంచి మిషన్ కాంపౌండులోనే ఉంటున్న క్రైస్తవ కుటుంబం వాళ్లది. ఆదివారం చర్చిలో పాటలు పాడించేవారు, మిగతా రోజుల్లో పిల్లలు ఇంటికి పోయాక స్కూల్ ల్యాబులో కూర్చుని తన టీమును గంటకోసారి మార్చేవారు. బజారులో కనబడితే బాగున్నావా అని కూడా అడిగేవారు కాదు, "మీ ఓపెనర్ ఎట్ల ఉండాడు?" అని అడిగేవారు.

నేను డిగ్రీ ముగించి నాయన లారీ ఆఫీసులో కూర్చున్నాను. నాయన అసలు దేశనూరులో వరి పండించిన రైతు. కొండల్లో ఇనుప మట్టికి గిరాకీ వచ్చాక లారీలు కొని, బళ్లారిలో మా ఇంటి ముందు గదిని ఆఫీసు చేశాడు. దోణిమలై గనుల వైపు లోడుకు పోయే ప్రతి లారీకీ నేను కంప్యూటర్లో ట్రిప్ షీటు తీసివ్వాలి. ఆ కాగితం లేకపోతే గేటు దగ్గర లారీని లోపలికి పోనివ్వరు. షీట్లు తీసే పని కాసేపట్లో అయిపోయేది. మిగిలిన పొద్దంతా క్రికెట్టే. నాయన వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లందరితో, "మా పాప లేసినకాడ నుంచి ఆ కంప్యూటర్ ముందరే కూర్చోనుంటాదప్పా, తిండి గూడా మర్చిపోతాది" అని గొప్పలు చెప్పేవాడు. నేను లోపల మా స్పిన్నర్‌ని తీసేయాలా ఉంచాలా అని గోళ్లు కొరుక్కుంటూ ఉండేదాన్ని.

గొడవ డిసెంబరులో మొదలైంది. క్రిస్మస్ వారమంతా ఆట ఆపేసి, తెర మీద మంచు కురిపించి, మేనేజర్లందరికీ పండగ శుభాకాంక్షలు అని రాశారు. నాకు ఒళ్లు మండింది. అప్పుడు నా టీము వరసబెట్టి గెలుస్తోంది. ఉగాదికి ఎవరైనా ఆపారా? ఇంట్లో ఒబ్బట్లు చేస్తుంటే నేను బెల్లం చేతులతో పరుగెత్తుకొచ్చి వికెట్ కీపర్‌ని మార్చుకున్నాను. మౌస్‌కి చీమలు పట్టాయి కూడా. వెంటనే సార్‌కి ఫోన్ చేశాను.

"మీ పండక్కి వారం రజ. మా పండక్కి ఒగ పూట గూడా సెలవు లేదు. ఇదేం న్యాయం సార్?"

"ఆపినోల్లు వాల్లమ్మా, నేను కాదు," అన్నారు సార్. "అయినా ఆపిందే మేలైంది. లేకుంటే చర్చిలో నిలబడి పాట పాడతా మా బౌలర్ మోకాలి గురించి ఆలోచిస్తాండేవాణ్ణి."

ఆ మాటతో చల్లబడే రకం కాదు నేను. ఆట ఆడేవాళ్లంతా మాట్లాడుకునే పేజీలో పెద్ద అర్జీ రాశాను. ఆపితే అందరి పండగలకూ ఆపాలి, దసరాకు, ఉగాదికి, దీపావళికి కూడా ఆపాలి అన్నాను. పండగనాడు టీము చూసుకోలేని మనిషిని ఓడించడం మగతనం కాదు అని కూడా రాశాను. సార్ నా ఇంగ్లీషు దిద్ది, ఆ మగతనం మాట కొట్టేసి, కింద తన సంతకం కూడా పెట్టారు.

తేనెతుట్టె కదిలింది. రంజాన్‌కి ఆపమని కొందరు, చైనా వాళ్ల కొత్త సంవత్సరానికి ఆపమని కొందరు. ఎక్కడో రాత్రంతా పొద్దు గుంకని దేశంలో ఆ రోజే పెద్ద పండగట, దానికి ఆపాలన్నాడు ఒకాయన. ఇంకొకాయన తమ ఊరి గుర్రప్పందేల రోజు ఏ పండక్కీ తీసిపోదన్నాడు. ఒక మహానుభావుడు తన పెళ్లిరోజు కూడా కలపమన్నాడు, టీము చూసుకుంటూ అది మర్చిపోతే భార్య ఊరుకోదట. అందరివీ కలిపితే ఇక ఆట ఆడటానికి ఖాళీ రోజే కనబడలేదు. ఆట నడిపేవాళ్లు కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి తీర్పు చెప్పారు. రోజూ ఎవరికో ఒకరికి పండగే, అందుకని ఇకమీదట ఆట ఎవరికోసమూ ఆగదు, క్రిస్మస్‌కి కూడా ఆగదు.

"మాకుండే ఒగ్గ వారం గూడా పోగొడితివి గదమ్మా!" అన్నారు సార్. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు మ్యాచ్ ఉండటంతో మళ్లీ మామూలైపోయాను.

తర్వాత దసరా వచ్చింది. ఆ ఏడు మట్టికి వచ్చిన గిరాకీ అంతా ఇంతా కాదు. తారానగర్ దారిలో లారీ వెనక లారీ, మధ్యలో సైకిలు దూరే సందు కూడా లేదు. మా వీధిలో పొద్దున ఆరేసిన తెల్ల పంచె ఎర్ర దుమ్ముకు సాయంత్రానికల్లా సన్యాసం పుచ్చుకునేది. లారీలు ఏడాదికి ఒక్క ఆయుధపూజనాడే ఆగేవి. ఆ రోజు వాటిని కడిగి, అరటి కొమ్మలు కట్టి, పూలహారాలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్లు. గుమ్మడికాయ కొట్టాక డ్రైవర్లు పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని ఊరేగేవాళ్లు.

పూజ చేసిన యంత్రాన్ని మర్నాడు పొద్దున దాకా ముట్టుకోకూడదని నాయన నియమం. నాగలి రోజుల నుంచీ ఉన్న నియమం అది. లారీ, కంప్యూటర్, ఆఖరికి మిక్సీకి కూడా కుంకుమ పెట్టేవాడు. "మిక్సీకి రజ ఇచ్చి నాకు రోలు ఇస్తాండారు" అని అమ్మ పచ్చడి నూరుతూ గొణిగేది. టీవీని మాత్రం అమ్మ పూజకు దొరకనిచ్చేది కాదు. అది ఆయుధం కాదని తీర్పు చెప్పింది. టీవీలో క్రికెట్ వస్తుంది కాబట్టి నాయన కూడా ఎదురు చెప్పలేదు.

మా మొదటి లారీ నుంచి మా దగ్గరే ఉన్న డ్రైవరు వారం ముందే నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఈ తూరి పిల్లోల్లని డ్యాము కాడికి ఎత్తకపోతాండా. మా పెద్దది బడిలో అందరికీ చెప్పేసినాది. నేను పోయేటప్పుడు నిద్రే, వచ్చేటప్పుడు నిద్రే. వాల్లకి నా మొగం కంటే నా హారనే బాగా తెలుసు" అన్నాడు.

పండగకు ముందురోజు మట్టిని ఓడలకు ఎక్కించే ఏజెంటు వచ్చాడు. రేవులో ఓడ నిలబడి ఉంది, రేపు కూడా లారీలు తిరగాల్సిందే అన్నాడు. నాయన ఆయుధపూజ అన్నాడు. "పండగల కోసం నిలబడితే పని నడవదు సావుకారీ. రోజూ యెవరికో ఒగరికి పండగే," అన్నాడు ఏజెంటు. నేను ఉలిక్కిపడి తలెత్తాను. ఆ మాట ఇంగ్లీషులో చదివి నేను పళ్లు కొరికి ఎన్నాళ్లో కాలేదు.

నాయన మీసం మెలిపెట్టి, చివరికి దారి కనిపెట్టాడు. తెల్లారే పూజ చేసి లారీలు పంపిస్తాడట. "లారీకి కదిలేదే పూజ పాపా," అన్నాడు నాతో.

"అట్లయితే మిక్సీకి తిరిగేదే పూజ గదా నాయనా. అమ్మని రోటి కాడ యెందుకు కూర్చోబెడ్తాండావు?"

"నువ్వు పొద్దున్నే షీట్లు తియ్యి. కంప్యూటర్‌కి పూజ ఆమీద చేద్దాం."

ఇక్కడ నా గోడు కూడా చెప్పాలి. ఆ ఆయుధపూజనాడే మా లీగ్ ఆఖరి మ్యాచ్ పడింది. గెలిచినవాళ్లు పై డివిజన్‌కి పోతారు. ఏడాది పొడుగునా నేను కన్న కల అది. ఎదుటి టీము ఎవరిదో కాదు, సార్‌దే. నా ఫాస్ట్ బౌలర్ మోకాలు ముందురోజు నుంచే నస పెడుతోంది. పదింటికి కంప్యూటర్ నా చేతిలో లేకపోతే నా పని అయిపోయినట్టే.

పొద్దున లారీలకు పూజ అయింది. గుమ్మడికాయ కొట్టగానే డ్రైవరు కుటుంబం వచ్చింది. పిల్లలకు కొత్త గౌన్లు, తలనిండా కనకాంబరాలు. అతని అత్తగారి చేతిలో చిత్రాన్నం క్యారియరు. పిల్లలు అప్పటికే క్యాబిన్‌లోకి ఎక్కేశారు. నాయన డ్రైవర్ని పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. "సరే సావుకారీ," అన్నాడు అతను. పోయి పిల్లల్ని దిగమన్నాడు. చిన్నది దిగింది. పెద్దది స్టీరింగును రెండు చేతులతో వాటేసుకుని దిగనంది. అత్తగారు క్యారియరు పట్టుకుని ఎటు పోవాలో తెలియక అట్లే నిలబడింది.

నాయన నా వైపు తిరిగి, "షీట్లు తీసకరా పో" అన్నాడు.

లోపలికి వచ్చాను. కంప్యూటర్ ముందు నిలబడ్డాను. నా పై డివిజన్ గుర్తొచ్చింది, బౌలర్ మోకాలు గుర్తొచ్చింది. పూజ చేసేస్తే రేపటి దాకా నేనూ దాన్ని ముట్టుకోకూడదు. పూజ పళ్లెం పక్కనే ఉంది. కంప్యూటర్ ఆపేసి, స్విచ్ మీద ముందు కుంకుమ పెట్టాను. తర్వాత మానిటర్‌కి, ప్రింటర్‌కి, కీబోర్డుకి పసుపూ కుంకుమా పెట్టి, హారం వేసి, ఊదుబత్తి వెలిగించి, టెంకాయ కొట్టాను. ఆ నీళ్లు కొన్ని ప్రింటర్ మీద పడ్డాయి. పడనీ అనుకున్నాను.

నాయన వచ్చి చూసి నోరు తెరిచాడు.

"యేం చేసినావే?"

"పూజ."

"షీట్లు తీసినాక గదా చేయాల్సింది! ఆన్ చెయ్యి."

"నువ్వే చెయ్ నాయనా."

నాయన వేలు స్విచ్ దాకా వెళ్లింది. తడి కుంకుమ చూసి వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. వంటింటి గడపలో నుంచి అమ్మ అంది: "ముట్టుకో. నేనూ పోయి మిక్సీ వేసుకుంటా."

నాయన కాసేపు కుర్చీలో కూర్చుని ఊదుబత్తి పొగ చూశాడు. తర్వాత ఏజెంటుకు ఫోన్ చేశాడు. "లారీలు రెడీగానే ఉండాయప్పా. కంప్యూటరే పూజలో కూర్చోనుండాది" అన్నాడు. అవతల నుంచి వచ్చిన కేకలకు ఫోన్‌ని చెవికి దూరంగా పట్టుకున్నాడు. పెట్టేశాక నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. బయటికి పోయి పెద్దపిల్లను పక్కకు జరగమని తనూ క్యాబిన్ ఎక్కాడు. లారీ హారన్ కొట్టుకుంటూ డ్యాము వైపు పోయింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ సంతోషం పదింటి దాకా నిలిచింది. పదింటికి సార్ ఫోన్ చేశారు.

"టీము చూసుకున్నావా? పిచ్ తడిగా ఉండాది" అన్నారు. ఎదుటి టీము మనిషి నాకు పిచ్ సంగతి చెబుతున్నారు! జరిగిందంతా చెప్పాను. సార్ దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత, "ల్యాబు తాళం నా జేబులోనే ఉండాది. రా, వేసుకో. నేను గోడ పక్కకి తిరిగి నిలబడ్తా" అన్నారు.

ప్రాణం లాగింది. చెప్పుల్లో కాలు కూడా పెట్టాను. కానీ క్యాబిన్ ఎక్కిన నాయన గుర్తొచ్చాడు.

"నాయనని ఆపేసి, నేను ఆడికొచ్చి కంప్యూటర్ ముట్టుకుంటే బాగుండదు సార్. గెలుచుకోపోండి" అని కసురుకున్నాను. "సరేమ్మా" అన్నారు సార్.

సాయంత్రం మ్యాచ్ వేళకు నేను దండ వేసిన మానిటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల నా మనుషులు ఓడిపోతున్నారని తెలుసు. అమ్మ వచ్చి, పూజ బాగా కుదిరిందే అని మెచ్చుకుని పోయింది.

మర్నాడు పొద్దున హారం తీసి కంప్యూటర్ ఆన్ చేశాను. ఓడిపోయాను. చిత్తుగా ఓడిపోయాను. మోకాలు పోయిన బౌలర్ పాపం ఓవర్లన్నీ వేశాడు. కడుపు మండి, సార్ ఎలాంటి టీము దించారో చూసి తిడదామని ఆయన పేజీ తెరిచాను. ఆయన ప్రాణానికి ప్రాణమైన బ్యాట్స్‌మన్ బెంచీ మీద ఉన్నాడు. తడి పిచ్ మీద బంతి తిప్పేవాడూ లేడు. అంతకు ముందు మ్యాచ్‌లో దించిన టీమే అది. గంటకోసారి టీము మార్చే మనిషి, జేబులో తాళం పెట్టుకుని, ఆ రోజంతా తన టీముకు చెయ్యి తగిలించలేదు. అయినా గెలిచారు, అది వేరే సంగతి.

వెంటనే ఫోన్ చేశాను.

"మీరెందుకు టీము వేయలేదు సార్? మీది పండగ కాదు గదా!" అని అరిచాను.

"నీది గదమ్మా," అన్నారు సార్.

ఆయన్ని తిడదామనే ఫోన్ చేశాను. తిట్టకుండానే పెట్టేశాను.