సార్ రిజిస్టర్‌లో దొంగకు హాజరు

పన్నెండు రోజుల కిందట పొద్దున్నే గోడ అవతలి నుంచి సార్ వాళ్లావిడ పిలిచారు. "సార్ లేస్తలేడు బిడ్డా, జర రా." చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. అప్పటికే ఒళ్లు చల్లబడిపోయింది. సూర్యాపేటలో మా పక్కింటి లెక్కల సార్ నిద్రలోనే వెళ్లిపోయారు.

నిన్న దినాలకు వచ్చిన ఆయన శిష్యులు ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. ఎక్కాలు, బెత్తం, సున్నా మార్కుల కథలు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక బడి కరస్పాండెంట్ మాత్రం ఆ కథల్లో కలవలేదు. నేనూ కలవలేదు. మా ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటుంది. అది చెప్పకపోతే సార్ గురించి ఏమీ చెప్పనట్టే, అందుకే రాస్తున్నాను.

నేను ఇంట్లో కూర్చుని ప్రైవేటు బడులకు ప్రశ్నపత్రాలు తెలుగులో టైపు చేస్తాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడులు పనిస్తాయి. మా ఆయన యాక్సిడెంటయి మంచం పట్టినప్పటి నుంచి ఇల్లు దాని మీదే నడుస్తోంది. ఈ పనికి కావలసింది వేళ్ల వేగం కన్నా నమ్మకం. పేపరు బయటికి పొక్కిందంటే ఇక ఎవరూ గడప తొక్కరు.

సార్ రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకున్నారు. బడి అలవాటు పోలేదు. పొద్దున పది కాగానే టాస్క్ మేనేజర్ తెరిచి, లోపల నడుస్తున్న ప్రోగ్రాముల పేర్లన్నీ ఒక హాజరు రిజిస్టర్‌లో రాసుకుని, వరసగా టిక్కులు పెట్టేవారు. "కంప్యూటర్ల మనకు కనపడకుండ పనిచేసేటోళ్లు శానమంది ఉంటరు. రోజూ హాజరు తీస్తే, కొత్తోడు వచ్చిన్నాడే దొరుకుతడు. నువ్వు గూడ రాసుకో బిడ్డా" అనేవారు. నాకు మనుషుల పేర్లే గుర్తుండవు సార్ అని నవ్వేదాన్ని.

పోయిన ఏడు పదో తరగతి ప్రీఫైనల్‌కు ముందు ఆ కరస్పాండెంట్ ఫోన్ చేశాడు. "మేడం, మా సోషల్ పేపర్ పిల్లల ఫోన్లల్ల తిరుగుతుంది. ఫొటో పంపిన, సూడుండ్రి." చూశాను. ఏడో ప్రశ్నలో ఒక తప్పుంది. అది నేను కొట్టిన తప్పే. దిద్దాకే బడికి పంపాను కాబట్టి ఆ తప్పున్న పేపరు నా కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. "ఎల్లుండి దాక సూస్త మేడం. తర్వాత పోలీసులకు చెప్పక తప్పది" అన్నాడు. మంచంలో ఉన్న మనిషిని కూడా ఒక్క క్షణం అనుమానించాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

సంగతి చెప్పగానే సార్ తన కంప్యూటర్ హాజరు రిజిస్టర్ చంకలో పెట్టుకుని వచ్చారు. "మొదలు నెట్ తీగ పీకు. దేన్నీ బంద్ చెయ్యకు, దేన్నీ తుడవకు. దొంగను ఎల్లగొడితే సాక్ష్యం గూడ పోతది" అన్నారు. నా కంప్యూటర్‌లో నడుస్తున్న ఒక్కో పేరు ఆయన చదవడం, అది ఆయన రిజిస్టర్‌లో ఉందో లేదో నేను వెతకడం.

"ఉన్నడా?"

"ఉన్నడు సార్."

రిజిస్టర్‌లో లేనివి రెండే తేలాయి. రెండూ నా ప్రింటర్‌వే. సార్ అద్దాలు తీసి తుడుచుకున్నారు. "కొత్తోడు లేడు బిడ్డా."

కంప్యూటర్‌లో దొంగ లేడంటే ఇక మిగిలింది నేనే. నాకు కోపం ముంచుకొచ్చింది. "అయితే నేనే అమ్ముకున్ననా సార్?" అన్నాను. ఆయన మళ్లీ మొదటి పేరు నుంచి ఎత్తుకున్నారు. ఈసారి ఒక్కో పేరు మీద నొక్కి, అది ఏ ఫోల్డర్‌లోంచి నడుస్తోందో తెరిచి చూస్తున్నారు. "పేరు ఎవడైనా పెట్టుకుంటడు. ఏ ఇంట్ల ఉంటున్నడో సూడాలె" అన్నారు. పెట్టిన చాయ్ పెట్టినట్టే చల్లారిపోయింది.

దొరికింది. చూడ్డానికి విండోస్ సొంత ప్రోగ్రాము పేరే. అలాంటివన్నీ విండోస్ ఫోల్డర్‌లో ఉంటే, ఇదొక్కటి మాత్రం తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో దాక్కుని ఉంది. దాని పక్కనే కనపడకుండా దాచిన మరో ఫోల్డర్. అందులో, నెట్ మీద బయటికి పంపడానికి అది తీసి పెట్టుకున్న నా స్క్రీన్ ఫొటోలు. తప్పుతో ఉన్న ఏడో ప్రశ్న, నా బ్యాంకు పేజీ, మా ఆయన దవాఖాన కాగితాలు. ఇన్నాళ్లూ ఎవడో నా భుజం మీంచి చూస్తున్నాడన్నమాట.

సార్ మాత్రం ఆ ఫైలు తేదీ చూసి రిజిస్టర్ మొదటి పేజీకి తిప్పారు. నాకు కాసేపటికి గానీ వెలగలేదు. ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ కోదాడలోని ఒక డీటీపీ షాపు నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ఒకే రోజు మా రెండు ఇళ్లలోనూ ఎక్కించింది ఆయనే. యాంటీవైరస్ పదే పదే అడ్డుపడుతుంటే షాపుకు ఫోన్ చేశారు. "అది ఆపేస్తేనే తెలుగు ఎక్కుద్ది మాస్టారూ, అందరూ అంతే చేస్తారు" అన్నాడు షాపతను. నిజమే, మా వైపు డబ్బు పెట్టి కొనకుండా తెచ్చుకున్న తెలుగు సాఫ్ట్‌వేర్ అంతా అలాగే ఎక్కుతుంది. సార్ తన చేత్తో ఆపారు, మళ్లీ ఆన్ చేయలేదు. రిజిస్టర్ మొదలుపెట్టింది ఆ మర్నాడు. అందులో మొదటి పేజీలోనే ఆ పేరుంది. రోజూ దాని ఎదుట టిక్కు పెడుతూ వచ్చారు.

"నా చేత్తోనే తెచ్చిన బిడ్డా" అన్నారు.

"మీరేనా సార్ నా నోట్ల మన్ను కొట్టింది?" అన్నాను. ఆయన తలూపారు, అంతే. ఆ మాటకు తర్వాత ఎన్నిసార్లు క్షమాపణ చెప్పబోయినా, "పాస్‌వర్డులు మార్చినవా లేదా, గది చెప్పు" అని మళ్లించేవారు.

ఒక్క మీట నొక్కి అంతా తుడిచేస్తే ఆయన పేరు ఎక్కడా వచ్చేది కాదు. నాకు తేదీలు చూడటం కూడా తెలియదు. అలా చేయలేదు. అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, "రేపు పొద్దుగాల మిర్యాలగూడ పోదం" అన్నారు. మర్నాడు బస్సులో దారంతా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు. ఊరు దగ్గర పడ్డాక ఒక్క మాట అన్నారు. "ఆడు నా దగ్గర సదివినోడే బిడ్డా. గందుకే జర కష్టమైతుంది."

కరస్పాండెంట్ ఆయన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "సార్, మీరొచ్చిండ్రేంది? కూసోండి సార్" అని కుర్చీ జరిపాడు. సార్ కూర్చోలేదు. రిజిస్టర్ బల్ల మీద తెరిచి, ఫొటోలు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పారు.

"ఈ అమ్మ తప్పేం లేదు. దొంగను తెచ్చింది నేను. రోజూ హాజరేసింది నేను. పోలీసులకు ఇచ్చేదుంటే నా పేరియ్యి."

కరస్పాండెంట్ ఆ ఫొటోలు చాలాసేపు చూశాడు. బయట పీరియడ్ బెల్లు కొట్టారు. పిల్లల అరుపులు వినపడి, సద్దుమణిగాయి. "తెల్వక అయింది సార్, మీరేం పరేషాన్ గాకుండ్రి. ముందుగాల కూసోండి" అన్నాడు.

"నాకు గాదు. ఆమెకు చెప్పు."

కరస్పాండెంట్ నా వైపు తిరిగాడు. "తప్పయింది మేడం. ఫైనల్ పేపర్లు గూడ మీరే కొట్టాలె."

అప్పుడు సార్ వెనక్కి చెయ్యి చాచి, కుర్చీ కోసం తడుముకుని, మెల్లగా కూర్చున్నారు.