కరుణమ్మ కాండక్ట్ సర్టిఫికెట్

1959. వేసవిలో సిరాబుడ్డి మూత తీసి, పాళీ ముంచి, కాగితం దాకా తెచ్చేలోపల సిరా ఆవిరైపోయే ఊరు ప్రొద్దుటూరు. ఆ ఊరి కాలేజీలో నేను హెడ్ గుమాస్తాను. హెడ్ అన్నావు కదా, నీ కింద ఎంతమంది ఉండేవారు అని అడగకండి. నా కింద ఒక కుర్చీ ఉండేది. దానికీ మూడు కాళ్లే.

ఆ ఏడు యూనివర్సిటీ నుంచి ఒక టపా వచ్చింది. చదువు ముగించిన విద్యార్థి వీధిలో నిలబడకూడదు గనుక ప్రతి కాలేజీలోనూ గైడెన్స్ బ్యూరో తెరవాలట. గైడెన్స్ బ్యూరో అంటే దారి చూపే కచేరీ. దానికి మూడు పనులు. ఒకటి, ఖాళీగా ఉన్న ఉద్యోగాలేమిటో పిల్లలకు చెప్పి దరఖాస్తు పెట్టించడం. రెండు, ఉద్యోగం వద్దనేవాళ్లకు సొంతంగా వ్యాపారమో పరిశ్రమో పెట్టుకొనే ధైర్యం నూరిపోయడం. మూడు, ఆదివారాల్లో పిల్లలను పల్లెలకు తీసుకుపోయి సంఘసేవ చేయించడం. ఈ మూడింటికీ కలిపి నన్నొక్కణ్ణే నియమించారు. విరిగిన బెంచీలు వేసే కొట్టును బ్యూరో గదిగా మార్చారు. అందులోకి నేను పోతే గాలి బయటికి రావలసి వచ్చేది.

ప్రారంభోత్సవంలో మా ప్రిన్సిపాల్ గారు మాట్లాడారు. ఆయనది కృష్ణా జిల్లా. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టినప్పుడు పిందెగా ఉన్న మామిడికాయ, ముగించేసరికి పండి రాలిపోయేది. "స్త్రీలు గడప దాటాలి! గ్రామాలకు తరలాలి! సేవకు దూరమన్నది లేదు!" అని బల్ల గుద్దారు. బల్ల ఇప్పటికీ కోలుకోలేదు.

తర్వాత స్వయంఉపాధి గురించి కాలేజీ కమిటీ ప్రెసిడెంటు గారు మాట్లాడారు. ఆయనకు వేరుశనగ నూనెమిల్లు ఉంది. కాలేజీకి స్థలమిచ్చిన మనిషి. ఆయన తుమ్మితే మాకు సెలవు, దగ్గితే పరీక్షలు వాయిదా.

"నేనేం జేసినా? మా నాయన సచ్చిపాయ, మిల్లు నాకొచ్చె. అంతే! మనిషికి ధైర్యముంటే ఏదన్నా వస్తాది. మీరూ అట్లే చేయండప్పా," అన్నారు.

వెనక వరుసలోంచి ఒకడు లేచాడు. "మా నాయన ఇంగా బతికే ఉండాడు సార్. ఏం జేయమంటారు?"

చప్పట్లు పైకప్పు పెంకులు ఎగిరిపోయేటంత మోగాయి. స్వయంఉపాధి శాఖ ఆ రోజే మొదలై ఆ రోజే ముగిసింది.

మిగిలినవి ఉద్యోగాలూ, సేవా. ఆ రెండింటికీ కలిపి నా గది గుమ్మంలో ఒకరోజు కరుణమ్మ నిలబడింది.

జమ్మలమడుగు పక్క పల్లె. తండ్రి దేవదానం మిషన్ బడిలో పంతులు. ప్రొద్దుటూరులో మేనత్త ఇంట ఉండి పి.యు.సి. చదివేది. మా కాలేజీలో ఆడపిల్లలు ఎంతమందంటే, అందరూ కలిసి ఒకే గొడుగు కిందికి వచ్చేవాళ్లు. వాళ్లలో తల ఎత్తి మాట్లాడే పిల్ల ఈమె ఒక్కతే.

"సార్, గ్రామసేవిక ఉద్యోగాలు పడినాయంటనే. పులివెందుల బ్లాకులో."

"పడినాయమ్మా. వేంపల్లె అవతల ఊర్లు. బస్సు పోదు. ఎండకు కాకులు కూడా నడిచే పోతాయి ఆడ."

"కాకులే నడిస్తే నాకేం సార్? నాయన బడి ఈ ఏడుతో మూసేస్తాండారు. నా వెనక ఇద్దరు చదివేవాళ్లుండారు. ఈ ఉద్యోగం రాకుంటే నా చదువూ ఈడికే, వాళ్ల చదువూ ఆడికే." అంటూనే ఆగి, ఇంకో మాట చెప్పింది. "అది గాక, నాకు ఆ పనంటే ఇష్టం సార్. మా పల్లెలో కాన్పు కష్టమైతే మంచంమీద మోసుకపోయేవాళ్లే గాని, ముందుగా వచ్చి చెప్పేవాళ్లు లేరు."

ప్రకటన తీసి చదివాను. గ్రామసేవిక అంటే బ్లాకు కింద పల్లె పల్లెకూ తిరిగి బాలింతలకూ పసిబిడ్డలకూ ఏం చేయాలో చెప్పే ఉద్యోగిని. చదువు సరిపోయింది. వయసు సరిపోయింది. అడుగున మాత్రం ఒక వాక్యం ఉంది: అభ్యర్థినికి సైకిలు తొక్కడం వచ్చి ఉండవలెను.

"వచ్చునా?"

"ఎద్దులబండి తోలడం వచ్చు సార్."

కాలేజీ గోడ పక్కన ఖాదర్ మామకు బాడుగ సైకిళ్ల అంగడి ఉండేది. ఆయన అంగట్లో సైకిళ్లకు బెల్లు తప్ప తక్కినవన్నీ మోగేవి. నేను పోయి సంగతి చెప్పాను.

"ఆడబిడ్డకా? యా అల్లా! జనం నా అంగడి కాల్చేస్తారు సామీ."

"యూనివర్సిటీ ఆర్డరు, మామా."

యూనివర్సిటీ అన్న మాటకు ఖాదర్ మామ సలాం కొట్టినంత పని చేశాడు. కాలేజీ వెనక ఆటస్థలంలో, పిల్లలు లేని పూట, పాఠం మొదలైంది. మొదటి రోజు ఆ పిల్ల పడినప్పుడు లేచిన దుమ్ము చెన్నూరు దాకా పోయి అక్కడ పెన్నలో నీళ్లు తోడుకొనేవాళ్లు దగ్గారని చెప్పుకున్నారు. చీర చెయిన్లో ఇరుక్కుంది. మోకాళ్లు చెక్కుకుపోయాయి.

"కింద జూడొద్దు బిడ్డా, ముందు జూడు!"

"ముందు గోడ ఉండాది మామా!"

"గోడ ఉంటే బ్రేకు పట్టు! బ్రేకు లేదా? ఔ, ఈ బండికి లేదులే. అయితే గోడనే పట్టుకో!"

కొన్నాళ్లకు ఆ పిల్ల ఖాదర్ మామకంటే బాగా తొక్కింది. ఆయన గర్వంతో ఒక సైకిలుకు బ్రేకు కూడా వేయించాడు.

తర్వాతి ఆదివారం పెన్న ఒడ్డున ఒక పల్లెలో మా సేవాశిబిరం. మగపిల్లలు సైకిళ్లమీద ముందే పోయారు. ఆడపిల్లలకు కాలేజీ జట్కా రావాలి, రాలేదు. ప్రెసిడెంటు గారి వియ్యంకులను ఎర్రగుంట్ల స్టేషనుకు దింపడానికి పోయిందన్నారు. మందులపెట్టె ఆడపిల్లల దగ్గరే ఉంది. అక్కడ గజ్జి పుండ్లతో పిల్లలు వరుస కట్టి కూర్చొని ఉన్నారని కబురు వచ్చింది. తక్కినవాళ్లు ఇళ్లకు మళ్లారు. కరుణమ్మ ఖాదర్ మామ సైకిలు తీసుకొని, పెట్టెను వెనక కట్టుకొని బయలుదేరింది.

పల్లెకు దారి బంగారు అంగళ్ల వీధి గుండానే. ఆ వీధిలో ఆ పూట ఏమైందో నేను చూడలేదు, కానీ చూసినవాళ్లు చెప్పినదాన్నిబట్టి త్రాసుల్లో బంగారం గాలిలోనే నిలిచిపోయింది. ఒక సేటు నోట్లో వక్కాకు నమలడం మరచి సాయంత్రం దాకా అట్లాగే ఉన్నాడు. ఒక ఆవు దారి తప్పుకుంది. ఆ వీధి ఆవు ఎవరికైనా దారి ఇవ్వడం అదే మొదలు.

ఆమె పల్లెకు చేరి, పొద్దు వాలేదాకా పుండ్లు కడిగి, మందు పూసి, మళ్లీ అదే వీధిలో తిరిగి వచ్చింది.

ఆ వారమే కడపలో ఇంటర్వ్యూ. అధికారి ఆఫీసు ఆవరణలో సైకిలు తొక్కి చూపించమన్నాడట. తక్కిన అభ్యర్థినులు సైకిలును చూసి నమస్కారం పెట్టారట. ఈమె ఆవరణంతా చుట్టివచ్చి దిగింది. సెలెక్టు అయినట్టు ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా కాలేజీ నుంచి కాండక్ట్ సర్టిఫికెట్ పంపితే చాలు. అంటే ఈ విద్యార్థిని నడవడి మంచిదని ప్రిన్సిపాల్ సంతకం పెట్టిన కాగితం. అటువంటివి నేను ఏటా దస్తాలు దస్తాలు రాసేవాణ్ణి. చేయెత్తిన వాడికీ ఇచ్చాం, చెయ్యి చేసుకున్న వాడికీ ఇచ్చాం.

ప్రిన్సిపాల్ గారు కలం పక్కన పెట్టారు. "ఆ అమ్మాయి విషయం కమిటీ దాకా వెళ్లిందండీ. బజారులో సైకిలు తొక్కిందట. నడవడి మంచిదని నేనెలా రాసేది?"

"సేవకే పోయింది సార్. గడప దాటమని మీరే చెప్పినారు."

"గడప దాటమన్నాను. సైకిలు ఎక్కమన్నానా? ప్రెసిడెంటు గారిని అడిగి రండి."

నూనెమిల్లులో ప్రెసిడెంటు గారు శనగకాయల గుట్ట పక్కన పడక్కుర్చీలో ఉన్నారు. రెండు గుట్టల్లో ఏది ఏదో తెలుసుకోవడానికి నాకు కొంత సేపు పట్టింది.

"ఏమప్పా రైటరూ, ఆ పాప పనిమీద వచ్చినావా? ఆడబిడ్డ నడివీధిలో కాళ్లాడిస్తా పోతాంటే, రేపు మన ఇండ్లల్లో ఆడోళ్లు ఏమడుగుతారు?"

"అయ్యా, ఆ పొద్దు జట్కా రాలేదు. మీ వియ్యంకులను ఎక్కించుకొని ఎర్రగుంట్లకు పోయింది."

"అంటే తప్పు నాదంటావా?"

"లేదయ్యా. తప్పు గుర్రానిది."

ఆయన నవ్వారు. నవ్వితే పని అయినట్టే అనుకున్నాను. కానీ నా నోటికి తగిన శిక్ష ఆ పిల్లకు పడింది. "నేను బిడ్డల నోట మన్ను కొట్టేవాణ్ణి గాదు. ఇంగ సైకిలు ఎక్కనని ఒక ముక్క రాసిమ్మను. అది గూడ సర్టిఫికెట్లో ఎక్కియ్యండి. ఊరికి మర్యాద, పాపకు ఉద్యోగం."

కరుణమ్మను పిలిపించారు. ఆమె ప్రిన్సిపాల్ గారి బల్ల ముందు నిలబడి, ఇంక సైకిలు ఎక్కనని రాసి ఉంచిన కాగితం చదివి, "మరి ఆ ఉద్యోగానికి సైకిలు కావాల గదా సార్?" అంది.

"ముందు సంతకం చెయ్యమ్మా. ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు."

"సార్, ఆ ముక్క సర్టిఫికెట్లో వద్దు, మన దగ్గరే ఉంచుకుందాం," అని నేనన్నాను.

"సత్యాన్ని దాచమంటారా గుమాస్తా గారూ?" అని ఆయన నావైపు చూసిన చూపుకు గోడమీద సున్నం రాలింది.

నెలాఖరు దగ్గరపడింది. ఆమె నావైపు చూసింది. నేను బల్లవైపు చూశాను. ఆమె సంతకం చేసింది. నడవడి మిక్కిలి శ్లాఘనీయము, ఇకమీదట సైకిలు ఎక్కనని స్వయముగా హామీ ఇచ్చినది, అని రాయించి, ఆమె సంతకం చేసిన కాగితాన్నీ జతచేసి, సీల్డ్ కవర్లో, అంటే లక్క ముద్ర వేసిన కవర్లో, కడపకు పంపారు.

జవాబు తొందరగానే వచ్చింది. సైకిలు ఎక్కనని అభ్యర్థిని తానే హామీ ఇచ్చినందున ఈమె ఈ ఉద్యోగానికి పనికిరాదు, తగిన మరొకరిని పంపగలరు.

నేను సొంత ఖర్చుతో కడపకు పోయాను. అక్కడి గుమాస్తా నా బోటివాడే. కాగితం నా ముందు పెట్టాడు. "ఇది ఆ పిల్ల సంతకమే గదన్నా? తొక్కనని ఆమే చెప్తాంటే, లేదు తొక్కుతాదని మేమెట్లా రాస్తాం?" అన్నాడు. నేను ఆయన స్థానంలో ఉన్నా ఆ మాటే అనేవాణ్ణి. అందుకే కోపం ఎక్కువైంది.

తిరిగి వచ్చి ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన చాలాసేపు విచారించి, నిజంగా అమాయకంగా, ఇలా అడిగారు: "అయితే మన కాలేజీలో సైకిలు వచ్చిన అమ్మాయి ఇంకెవరైనా ఉన్నారా?"

కరుణమ్మ తన అసలు సర్టిఫికెట్ల కోసం వచ్చింది. ఈసారి గుమ్మంలో నిలబడలేదు, లోపలికి వచ్చి బెంచీమీద కూర్చుంది.

"నేను సైకిలు నేర్చుకోకుంటే ఏమయ్యేది సార్?"

"ఇంటర్వ్యూలోనే తీసేస్తుండిరి."

"నేర్చుకుంటి గదా?"

"అందుకని కాలేజీ తీసేసె."

"మరి నేను యాడ నిలబడల్ల సార్?"

నేను దస్త్రంలోంచి ఆమె సర్టిఫికెట్లు తీసి బల్లమీద పెట్టాను. ఆమె అవి తీసుకొని జమ్మలమడుగు బస్సెక్కింది. అక్కడ మగ్గాల ఇళ్లలో నూలు కండెలు చుడుతోందని తర్వాత ఖాదర్ మామ చెప్పాడు. తమ్ముళ్లు కూడా బడి మానేశారట. "నా సైకిలు మంచిదే సామీ, ఈ ఊరి రోడ్డే మంచిది గాదు," అని ఆ సైకిలుకు బ్రేకు పీకేసి మళ్లీ బాడుగకు పెట్టాడు.

ఆ ఏడాది చివర యూనివర్సిటీకి నివేదిక పంపారు. మా బ్యూరో ద్వారా ఒక విద్యార్థిని గ్రామసేవికగా సెలెక్టు అయినదని అందులో ఉంది. అది అబద్ధం కాదు, సెలెక్టు అయింది. యూనివర్సిటీ వారు మెచ్చుకొని, తక్కిన కాలేజీలు మమ్మల్ని చూసి నేర్చుకోవాలని రాశారు. ప్రిన్సిపాల్ గారు ఆ ఉత్తరానికి అద్దం కట్టించి నా గదిలోనే తగిలించారు. ఉన్న కాస్త గాలీ పోయింది.

ఆ కేసు తర్వాత నా సలహా మారింది. వచ్చిన పిల్లల మార్కులు అడగను, ఇష్టాలు అడగను. మరుసటి ఏడు మొదటగా వచ్చినవాడు ఊరవతలి వాడ పిల్లవాడు, వాడికి ఇదే చెప్పాను: "నీ కాగితంమీద సంతకం పెట్టాల్సింది ఎవరో చూసుకో నాయనా. ఆయనకు ఏమేమి నచ్చవో ముందు కనుక్కొని రా. ఉద్యోగం సంగతి ఆ తర్వాత మాట్లాడదాం."

వాడు బుద్ధిమంతుడు. వెళ్లి విచారించి వచ్చాడు.

"కనుక్కున్యా సార్," అన్నాడు. "ఆయనకు మా వీధే నచ్చదంట."