షీరీన్ పెట్టుకోని పేరు

చండ్రుగొండల షీరీన్ నోటికి జడవనోళ్లు తక్కువ. "సర్వర్ డౌన్" అని చెప్పి మనిషిని వాపస్ పంపుడు ఆమెకు చేతగాదు. సర్వర్‌ను తిడుతది, కంప్యూటర్‌ను తిడుతది, తండ్రి పేరు ఒక కాగితంల ఒక తీరు, ఇంకో కాగితంల ఇంకో తీరు రాయించుకొచ్చినోన్ని మరీ తిడుతది. తిట్టుకుంటనే పని చేసి పంపుతది. అందుకే గుట్టల అవతలి గూడేల నుంచి, తండాల నుంచి వచ్చే జనం నున్నటి టైల్సేసిన దుకాణాలు దాటుకొని మరీ ఆమె నెట్ సెంటర్‌కే వచ్చేటోళ్లు.

పుట్టింది ఇల్లందుల. నాయన జానీ మియా ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేటోడు. సైకిల్ మీద కొలిమి సామాను కట్టుకొని ఊరూరు తిరిగిండు. ఊర్లల్ల ఆయన్ని జానీ మియా అన్నోళ్లు లేరు. "జానయ్య వచ్చిండు, బిందెలు తీయుండ్రి" అనేటోళ్లు, ఆయన పలికేటోడు. స్టీలు సామాన్లొచ్చి ఆ పని ఎండిపోయినా, ఇప్పటికీ చండ్రుగొండ సంతల రేకుల షెడ్డు కింద కొలిమి ముంగట కూచుంటడు. గిరాకీ లేకున్నా కూచుంటడు. ఇంట్ల ఉంటే కాళ్లు పట్టుకుంటయట.

షీరీన్ డిగ్రీ నడుమ ఆపి ఖమ్మంల ఒక నెట్ సెంటర్ల పనికి కుదిరింది. అది మూతపడ్డప్పుడు ఓనరు తుక్కుకేద్దామనుకున్న పాత మిషన్లను అగ్గువకు తెచ్చుకొని చండ్రుగొండల సొంతంగ పెట్టుకున్నది. వాటిల క్రోమ్ తెరిస్తే చాలు, ఫ్యాన్లు గుర్రుమని మొత్తుకొని మిషన్లు పడకేసేటియి. పారేసి కొత్తయి కొనుమని అందరు చెప్పినోళ్లే. షీరీన్‌కు ఒళ్లు మండింది. మా నాయన చిల్లుపడ్డ బిందెను పారేయమనలే, నేను నడిచే మిషన్ను పారేస్తనా అన్నది. అని, తేలికగ నడిచే బ్రౌజర్లు ఏమన్న ఉన్నయా అని వెతుకుడు పట్టింది.

నెట్ అంటే క్రోమ్ ఒక్కటే అనుకుంటం మనం. వెతికితే ఎన్ని బయటపడ్డయో. అన్నిట్ల ముసలిది లింక్స్. బొమ్మలుండయి, రంగులుండయి, ఉత్త అక్షరాలే. ముప్పై ఏండ్లు దాటినా పానం పోలే. గాలివానకు సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయిననాడు ఏదన్న నోటిఫికేషన్ చదువాలంటే షీరీన్‌కు అదే దిక్కు. ఇంకోటి పేల్ మూన్. ఫైర్‌ఫాక్స్‌వాళ్లు కొత్త రూపం మోజుల పాతదాన్ని వదిలేసుకుంట పోతుంటే, మాకు పాతదే కావాలె అని కొందరు మొండికేసి విడిగ నడిపిస్తున్నరు దాన్ని. ఆ మొండితనమే షీరీన్‌కు నచ్చింది. కొంచెం పానమున్న మిషన్ల మీద వివాల్డి వేసింది. ఒపెరా అనే బ్రౌజర్‌ను పుట్టించినోళ్లల్ల ఒకాయన, ఆ కంపెనీ దారి మార్చి పాతోళ్లకు ఇష్టమైనయన్ని తీసేసిందని వేరు కుంపటి పెట్టిండు, అదీ వివాల్డి. అండ్ల ఒకే తెర మీద రెండు పేజీలు పక్కపక్కన పరుచుకోవచ్చు. ఒక దిక్కు ఆధార్, ఇంకో దిక్కు అప్లికేషన్. చూసుకుంట కొట్టుడే.

ఒకనాడు తండా నుంచి భద్రు వచ్చిండు. బిడ్డకు హాస్టల్ సీటు కోసం దరఖాస్తు పెట్టాలె, అదే ఆఖరు రోజు. సైటు తెరిస్తే ఏమన్నదంటే, ఈ బ్రౌజర్ ఇక్కడ చెల్లదు, క్రోమ్ తెచ్చుకో అన్నది. క్రోమ్ వేస్తే మిషను లేవదు. భద్రు మొఖం చిన్నగైంది. షీరీన్ తిట్టుకుంట సెట్టింగులన్ని గాలించింది. బ్రౌజర్ ఏ సైటు తలుపు కొట్టినా ముందుగాల తన పేరు చెప్పుకోవాలెనట. ఆ పేరు వినే సైటు తలుపు తీస్తది, లేకుంటే లేదు. పేల్ మూన్‌ల, ఫలానా సైటుకు ఫలానా పేరు చెప్పు అనే వీలున్నది. షీరీన్ దాంతోని నేను క్రోమ్‌ను అని చెప్పించింది. తలుపు బార్లా తెరుచుకున్నది. అదే మిషను, అదే బ్రౌజరు, మారింది ఉత్త పేరు.

భద్రు బిడ్డకు సీటొచ్చింది. షీరీన్ ఆ ముచ్చట కనపడ్డోళ్లకల్లా చెప్పి నవ్వింది. ఇంకా తవ్వితే, ఇది ఇయ్యాల్టి కథ కాదని తెలిసింది. నెట్ మొదలైన కొత్తల మంచి పేజీలన్ని మోజిల్లా అని పేరు చెప్పినదానికే ఇచ్చేటోళ్లట. తర్వాత పుట్టినయన్ని, మేం గూడ మోజిల్లానే అనుడు షురూ చేసినయి. అంత పెద్ద క్రోమ్ సైతం ఇయ్యాల్టికీ తలుపు కొట్టినప్పుడు ముందు ఆ పేరే ఎత్తుకుంటది. వివాల్డి కొన్నేండ్లు సొంత పేరు చెప్పుకొనే తిరిగింది. మొఖం మీద తలుపులు పడుతుంటే విసిగి, అది గూడ క్రోమ్‌నని చెప్పుకునుడు మొదలుపెట్టింది. ఎరిగిన సైట్లు ఏవో కొన్నిటికే అసలు పేరు చెప్తదట. అది చదివిననాడు షీరీన్ నవ్వలే. ఎందుకు నవ్వలేదో ఆమెకే తెల్వలే.

ఆనెంక రోడ్డు వెడల్పు చేసుట్ల ఆమె దుకాణం పోయింది. ముంగట అడ్మిషన్ల కాలం. ఆ కాలం తప్పిందంటే జనం ఇంకో దుకాణానికి అలవాటు పడుతరు, ఇగ మర్లి రారు. షీరీన్‌కు ఒక రూము కావాలె, జల్దీ కావాలె.

ఫోన్ చేస్తే కిరాయి చెప్పేటోళ్లు, కరెంటు మీటరు వేరే అనేటోళ్లు, అన్ని అయినంక పేరడిగేటోళ్లు. షీరీన్ చెప్పేది. అది వినుడే ఆలస్యం. అయ్యో, నిన్ననే వేరేటోళ్లకు మాటిచ్చినం అనేటోళ్లు. తెల్లారి అదే దారిల పోతే టు-లెట్ బోర్డు గట్లనే వేలాడుతుండె. అందరు గట్ల కాదు, ఎందుకు అబద్ధమాడాలె. ఒకాయన పేరు విని సంబురంగ రమ్మన్నడు. పోయి చూస్తే ఆ రూముకు నాలుగు దిక్కుల నీళ్లు కారుతున్నయి.

అప్పుడు సంతల నాయన షెడ్డు కాడికి ప్రభాకర్ వచ్చిండు. రూములు ఇప్పించే బ్రోకరు, షీరీన్‌ను చిన్నప్పటి సంది ఎరిగినోడు. నాగలత అని రిటైరైన టీచరమ్మ, పైన ఆమె ఉంటది, కింద రోడ్డు మీదికి రూము. మాట్లాడి తాళంచెవి గూడ తెచ్చిండు. తెచ్చి, తల గోక్కున్నడు.

"శిరీష అని చెప్పిన చెల్లె. అగ్రిమెంటు నా పేరు మీద రాయిస్త. ఉత్త పేరే గదా, లోపల కూచున్నంక ఎవడడుగుతడు?"

షీరీన్ ప్రభాకర్‌ను దులిపి వదిలిపెట్టింది. కొలిమి ముంగట కూచున్న జానీ మియా అంతా విన్నడు. విని, తలెత్తకుంట ఒక్క మాటన్నడు.

"నేను జానయ్యనై నలభై ఏండ్లు బతికిన బేటీ. నా కళాయి ఏమన్న నల్లబడ్డదా?"

షీరీన్ ప్రభాకర్ చేతిల నుంచి తాళంచెవి తీసుకున్నది.

రూము మంచిగున్నది. నాగలత గూడ మంచిదే. పొద్దున చాయ్ పంపేది, ఎండల పోకు శిరీషమ్మా అనేది. ఆ పేరుకు షీరీన్ ఎన్నడూ ఒక్క పిలుపుకు పలకలే, రెండోసారి పిలిస్తెనే పలికేది. బోర్డు రాసేటాయన ఏం పేరు రాయాలె అని అడిగినప్పుడల్లా రేపు చెప్త అని దాటేసేది. పెద్ద నోరు షీరీన్, ఇంటి మీదికి వినపడుతదని గిరాకీని తిట్టుడు గూడ బంద్ పెట్టింది. ఏం బతుకు అది.

ఒకనాడు తండా నుంచి సోమ్లి వచ్చింది. ముసలిది, వేలిముద్ర పడక పింఛను ఆగింది. పాత దుకాణం కాడికి పోతే అక్కడ మట్టికుప్పలున్నయి. వాళ్లను వీళ్లను అడుగుకుంట టీచరమ్మ ఇంటి ముంగటికొచ్చి, మీదికి మొఖం పెట్టి, షీరీనమ్మ ఏడుంటది అని కేకేసింది. నాగలత, తెలిసిందే చెప్పింది పాపం, గసొంటి పేరుగలోళ్లు ఈడెవ్వరు లేరు పో అన్నది.

లోపల షీరీన్ విన్నది. రెండు మాటలూ విన్నది. లేస్తే దొరికిపోతది, రూము పోతది. కీబోర్డు మీద చేతులు పెట్టుకొని అట్లనే కూచున్నది. ముసలిది జరసేపు నిలబడి ఏదో గొణుక్కుంట ఎల్లిపోయింది. అప్పుడు లేచింది షీరీన్, ఉరికింది. ముసలిది ఎక్కిన ఆటో అప్పటికే మలుపు తిరిగింది. నడిరోడ్డు మీద ఆమెకు తన మీద తనకే ఎక్కడలేని అసహ్యం పుట్టింది. నా పేరు పెట్టి పిలిచినోళ్లకు పలకలేనప్పుడు ఇగ ఈ దుకాణం ఎవరికోసం పెట్టుకున్న అనుకున్నది. అదే ఊపుల మెట్లెక్కింది.

"మేడమ్, ఇందాక ముసలమ్మ అడిగిన షీరీన్‌ను నేనే."

నాగలత కుర్చీల కూలబడ్డది. కోపం చేయలే. నాకైతే పట్టింపు లేదమ్మా, చుట్టుపక్కలోళ్లున్నరు గదా అన్నది. నువ్వు శిరీషగనే ఉండు, నా నోటినుంచి ఎవ్వరికి పోదు, కిరాయి గూడ పెంచ అన్నది. మంచితనంతోనే అన్నది, అదే షీరీన్‌ను ఎక్కువ కాల్చింది.

"నేను దినాం బ్రౌజర్‌కు దొంగపేరు పెడుత మేడమ్. దానికి సిగ్గు లేదు, నాకున్నది. ఎవరన్న అడిగితే నా పేరే చెప్పుండ్రి. చెప్పలేనంటే ఇగో, తాళంచెవి."

నాగలత ఆ తాళంచెవి దిక్కు చూసింది. ఆఖరికి చెయ్యి చాపి తీసుకున్నది.

సంతనాటికి జానీ మియా రేకుల షెడ్డు కింద కొలిమి ఒక మూలకు జరిగింది. ఇంకో మూల ఒక టేబులు, పాత ల్యాప్‌టాప్, ఫోన్ నెట్టు. కరెంటు తీగ పక్క దుకాణం నుంచి గుంజిండ్రు. మిగిలిన మిషన్లు గోనెసంచుల కింద పడుకున్నయి. షీరీన్ భద్రుతోని కబురు పంపితే సోమ్లి వచ్చింది, వచ్చుడుతోనే లొల్లి. అంత దూరం వస్తే ఏడ సచ్చినవే అని. షీరీన్ తలొంచుకొని, లోపల్నే ఉన్న, పలకలే, ఇగ పలుకుత అన్నది. ముసలిదానికి అర్థమైందో లేదో, పని కానియ్ మరి అని కూచున్నది.

పింఛను సైటు తెరిస్తే మళ్లీ అదే పాట, ఈ బ్రౌజర్ చెల్లదు. షీరీన్ దాని పేరు క్రోమ్‌కు మార్చింది. నీ బతుకు నీది పోవే అని దాన్నొక తిట్టు తిట్టింది, సంత సగానికి వినపడేటట్టు. సైటు తెరుచుకున్నది.

అంతలనే బోర్డు వచ్చింది. షీరీన్ ఆన్‌లైన్ సెంటర్. బస్సుల కూచున్నోళ్లకు గూడ కనపడాలె అని చెప్పి రాయించింది, రేకు చాలక సెంటర్ అనే మాట ఇరుకైంది. దాన్ని నేనే కొడుత అని జానీ మియా స్టూలెక్కిండు. తప్పు తనదే అన్నట్టు మొఖం పెట్టుకొని వచ్చిన ప్రభాకర్ కింద స్టూలు పట్టుకున్నడు.

"పైలం జానయ్యా" అన్నడు.

ముసలాయన సుత్తె ఆపిండు. నోట్ల పెట్టుకున్న మొలలు తీసి చేతుల పట్టుకున్నడు. ఒకసారి బోర్డు దిక్కు, ఒకసారి బిడ్డ దిక్కు చూసిండు.

"జానీ మియా అను ప్రభాకర్" అన్నడు. అని, మొల మీద సుత్తె దెబ్బ వేసిండు.