గెలిచేదాకా లేవనివ్వని దోనా ఫెలిస్మినా

దోనా ఫెలిస్మినాకు పేకాట పిచ్చి. మామూలు పిచ్చి కాదు, తను గెలిచేదాకా బల్ల దగ్గరనుంచి ఎవరినీ లేవనివ్వని పిచ్చి. చిక్కేమిటంటే ఆవిడ ఎప్పుడూ గెలవదు. అందుకని పోర్చుగల్ కొండల్లోని గ్వార్దా ఊళ్ళో ఆవిడ ఇంట గది అద్దెకు తీసుకున్నవాళ్ళు తమ సాయంత్రాలు కూడా ఆవిడకు రాసిచ్చేసినట్టే లెక్క.

ఈ సంగతి జుసిలెయిడికి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆమెది బ్రెజిల్‌లోని రెసిఫె, ఏడాది పొడుగునా ఫ్యాను లేనిదే నిద్రపట్టని ఊరు. ముసలివాళ్ళను చూసుకునే పని నేర్చుకుందామని ఏడాది చదువుకు పోర్చుగల్ వచ్చింది. బయలుదేరే ముందు అద్దె, బియ్యం, రొట్టె, బస్సు, సబ్బుతో సహా లెక్కవేసుకుంది. చలిని మాత్రం లెక్కలో వేయలేదు. చలి కూడా ఇంట్లో కూర్చుని తింటుందని రెసిఫెలో ఎవరికి తెలుస్తుంది? నవంబరంతా గదిలో హీటరు పెట్టుకుని హాయిగా పడుకుంది. గది మీటరు బిల్లు వచ్చాక చూస్తే అది నెల తిండి ఖర్చును మించిపోయింది. అలాంటివి ఇంకో రెండు వస్తే చదువు సగంలో వదిలేసి ఇంటికి పోవలసిందే. తిరుగు టిక్కెట్టు పెట్టె అడుగున ఉంది, జనవరి ఆఖరుదాకా చెల్లుతుంది. హీటరును మంచం కిందికి తోసేసి, కోటు తొడుక్కుని పుస్తకం ముందు కూర్చుంది.

తలుపు దబదబా మోగింది.

"అమ్మాయ్, రా. ముక్కలు పంచేశాను."

"రేపు పరీక్ష ఉందమ్మగారూ."

"పుస్తకం తెచ్చుకో. నేను ఆలోచించేటప్పుడు చదువుకుందువుగాని. నేను చాలాసేపు ఆలోచిస్తాలే."

ఆ మాట మాత్రం నిజం. ఆవిడ ఒక్క ముక్క వేసేలోపు జుసిలెయిడి ఒక పాఠం పూర్తిచేసేది.

వంటింట్లో గుండ్రటి బల్ల, దానిమీద నేలదాకా జారే ఉన్ని దుప్పటి, కింద కరెంటు కుంపటి. కాళ్ళు ఆ దుప్పటిలోకి దూర్చి కూర్చోవాలి. ఆవిడకు జోడీ పక్కింటి బెలార్మినో. ఒకప్పుడు బస్సు డ్రైవరు, ఇప్పుడు దాదాపు మౌని. జుసిలెయిడికి జోడీ వెనక గది అదెరితు, కేప్ వెర్ద్ దీవులనుంచి చదువుకు వచ్చినవాడు. ఇంటి చట్టం ఒక్కటే: ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు సూపు పెట్టాలి.

"బెలార్మినో, ఆ తురుపెందుకు వేశావయ్యా?"

"వేసింది నేను కాదు, నువ్వు."

"వేస్తుంటే ఆపొద్దూ?"

ఓడిన ప్రతిసారీ తప్పు ఇంకెవరిదో అయ్యేది. ఒకనాడు కళ్ళద్దాలది, ఒకనాడు దీపానిది, మరొకనాడు గాలిది. "స్పెయినునుంచి మంచి గాలీ రాదు, మంచి సంబంధమూ రాదని మావాళ్ళు ఊరికే అనలేదు" అంటూ కిటికీవైపు చూసి పళ్ళు నూరేది. చేతిలో ఆసు పెట్టుకుని రెండో నంబరు ముక్క పారేసేది. తర్వాత గొణుక్కుంటూ లేచి, క్యాబేజీ బంగాళదుంపల సూపు గిన్నెల్లో పోసి, దూలానికి వేలాడే ఎండు పంది తొడనుంచి ముక్కలు కోసి అందులో వేసేది.

"తినండి, తినండి. నన్ను ఓడించే బలం ఎక్కణ్ణుంచి వస్తోందో చూస్తాను. ఊఁ, మళ్ళీ పంచుతున్నా."

కళ్ళు మూతలు పడేదాకా ఆట సాగేది. అప్పుడు వెచ్చటి కాళ్ళతో గదులకు పరుగెత్తి, కాళ్ళు చల్లబడేలోపు దుప్పట్లో దూరేవాళ్ళు.

"ఈవిడకి ఆట రాదు, అలుపూ రాదు" అని జుసిలెయిడి విసుక్కునేది.

"సూపు వచ్చుగా, ఊరుకో" అనేవాడు అదెరితు.

డిసెంబరు బిల్లు చూసి మీటరు చెడిపోయిందనుకుంది జుసిలెయిడి. అంత తక్కువ. జనవరిలో ఒకరోజు రొట్టెల కొట్టావిడ మాట కలిపింది.

"ఫెలిస్మినా ఇంట్లోనా ఉండేది? అయ్యో పాపం. ఆవిడతో పేకాట మాత్రం పెట్టుకోకు."

"రోజూ ఆడుతున్నాం. రోజూ మేమే గెలుస్తున్నాం."

రొట్టె కోస్తున్న కత్తి ఆగిపోయింది. "ఫెలిస్మినా మీద? చర్చి పోటీల్లో ఆవిణ్ణి ఆడనివ్వడమే మానేశారమ్మా. ఏటా ఆవిడా బెలార్మినో కలిసి బహుమతి పంది తొడ ఎత్తుకుపోతుంటే మేమేం తినాలి?"

ఇంటికి నడుస్తూ జుసిలెయిడి ఆ బిల్లు, ఆ కుంపటి, ఆ సూపు అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది. ముసలావిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది. వెళ్ళి కావలించుకుందామనుకుంది. కానీ చెబితే ఆవిడ ఆట చెడుతుంది. ఆ సాయంత్రం తనే ఓడిపోయి, సూపు తనే పెడదామని తీర్మానించుకుంది.

అనుకున్నంత తేలిక కాలేదు. జుసిలెయిడి అక్కర్లేని చోట ఆసు పారేసింది. దోనా ఫెలిస్మినా అంతకన్నా అక్కర్లేని చోట తురుపు పారేసింది. ఈమె మంచి ముక్క దాచుకుంటే ఆవిడ అసలు ముక్కే కిందపడేసుకుంది. అదెరితు తల పట్టుకున్నాడు. బెలార్మినో కళ్ళు మూసుకున్నాడు. ఆఖరికి ఓడిపోవడంలో కూడా ఆవిడే గెలిచింది.

కళ్ళద్దాల మీదనుంచి ఆవిడ జుసిలెయిడిని చూసింది.

"రొట్టెల కొట్టుకు వెళ్ళొచ్చావా?"

"వెళ్ళొచ్చానమ్మగారూ."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు. సూపు తిను, చల్లారిపోతోంది."

జుసిలెయిడి గిన్నె ముందుకు లాక్కుంది, ఆవిడ మళ్ళీ ముక్కలు పంచింది. తిరుగు టిక్కెట్టు గడువు ఎప్పుడు దాటిపోయిందో కూడా జుసిలెయిడి గమనించలేదు, ఆ రోజు మంచి ముక్కలు పడ్డాయి.

ఏప్రిల్లో ఒక సాయంత్రం ఎండ వంటింటిదాకా వచ్చింది. దోనా ఫెలిస్మినా కిటికీలు బార్లా తెరిచి, చొక్కా చేతులు పైకి మడిచి ముక్కలు పంచింది. పొయ్యిమీద నీళ్ళు కాగేలోపు ఆట అయిపోయింది. అవతలివాళ్ళకు ఒక్క పట్టు దక్కలేదు. ఆవిడ వంగి, బల్ల కింద కుంపటి వైరు లాగేసింది.

"గెలిచాను. ఇక ఎవరి గదులకు వాళ్ళు పొండి. రేపు సూపు మీ ఇద్దరిదీ."

బెలార్మినో కుర్చీలో వెనక్కి వాలి, చలికాలమంతా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"హమ్మయ్య, ఇంకో నెల చలి ఉండుంటే నిజంగానే ఆట మర్చిపోయేవాణ్ణి."