ఒకే కప్పు కింద

వీధిలో ఆమెను అందరూ మర్దనమ్మ అంటారు. ఇప్పుడు గౌరవంగానే అంటారు గాని, మొదట్లో ఆ మాట అనేముందు మూతి ఓ పక్కకు తిప్పుకునేవారు. పరాయివాళ్ళ ఒంటి మీద చేతులేసి బతకడం కూడా ఒక పనేనా అని ముందు చుట్టాలు, ఆ తరువాత ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకున్నారు. నడుం పట్టేసిన రోజున మాత్రం అవే బుగ్గల్ని ఆమె బల్లకున్న గుండ్రటి కంతలో ఆనించి, బోర్లా పడుకుని, "అక్కడే తల్లీ, అక్కడే" అని మూలిగారు. మనుషుల సంగతి అంతే.

ఇంటి ముందుగదినే ఆమె పనిగదిగా మార్చుకుంది. ఒక ఎత్తు బల్ల, మడతపెట్టిన తువాళ్ళు, వేడినీళ్ళ గిన్నెలో ఎప్పుడూ నిలబడి ఉండే నూనె సీసా, కిటికీకి మందపాటి తెర. బల్లకు ఎదురుగా గోడ మీద దేవుడి పటానికిచ్చేంత చోటు ఒక కార్డుకు ఇచ్చింది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్క. దాని మీద ఆమె ఫొటో, నలభై ఒకటో నంబరు, మర్దన చికిత్సకుల సంఘం ముద్ర. మూతులు సరిచేసింది ఆ కార్డే. అది వచ్చాక డాక్టర్లు కూడా చీటీ రాసి మనుషుల్ని పంపడం మొదలుపెట్టారు.

కార్డు ఊరికే రాలేదు. రెండేళ్ళు చదివి, ఎముకల పేర్లూ కండరాల పేర్లూ కంఠతా పట్టి పరీక్ష రాయాలి. పొయ్యి దగ్గర నిలబడి ఆ పేర్లు వల్లె వేస్తుంటే, బస్సు డ్రైవరైన భర్త, "ఇంతమందిలో మనకి చుట్టాలెవరైనా ఉన్నారా?" అని అడిగేవాడు. పేర్లయితే వచ్చాయి, మరి చెయ్యి తిరగడానికి ఒళ్ళు ఎవరిస్తారు? ఇచ్చింది వదిన. భర్తకు అక్క, మూడు వీధుల అవతల కిటికీ పక్కన మిషను వేసుకుని బట్టలు కుట్టుకునే ఒంటరి మనిషి. ఆమె భర్త పోయాడు, పిల్లలు లేరు. అత్తవారింట్లో అందరూ మర్దనమ్మను దులిపేస్తున్న రోజున, కత్తెర పక్కనపెట్టి లేచి వచ్చి, "అది వైద్యం నేర్చుకుంటోంది. మీకెవరికీ ధైర్యం లేకపోతే నా వీపుంది, తీసుకోమనండి" అన్న మనిషి.

ఆనాటి నుంచి ప్రతి గురువారం సాయంత్రం వదిన ఆ బల్ల మీద పడుకుంది. పరీక్షకు కూడా ఆమే వచ్చింది. పరీక్ష చేసేవాళ్ళ ముందు పడుకుని నవ్వాపుకోలేక భుజాలు ఎగరేస్తుంటే, "కదలకండి వదినా, మార్కులు పోతాయి" అని మర్దనమ్మ చెవిలో బతిమాలింది. కార్డు వచ్చిన రోజు వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫొటో నీది పెట్టారేంటే? నా వీపుది పెట్టాల్సింది" అంది.

ఇరవై రెండేళ్ళు అలా గడిచాయి. కళ్ళకు గంతలు కట్టి వందమందిని వరసగా పడుకోబెట్టినా మర్దనమ్మ ఆ వీపును పట్టేసేది. కత్తెర పట్టే కుడిభుజం మీద చింతగింజంత ముడి, దాని కింద చిన్నప్పటి కాలిన మచ్చ, మెడ దగ్గర ఎప్పుడూ బిగుసుకుని ఉండే నరం. అరచెయ్యి ఆనించగానే వదిన వారమంతా ఎన్ని జాకెట్లు కుట్టిందో చెప్పేసేది. చేతికి తెలిసినంత ఆమెకు కంటికి తెలియదు, చెవికి అసలే తెలియదు. ఆ సంగతి ఆమె మరిచిపోవడమే ఈ కథ.

కరోనా వచ్చింది. ముట్టుకోవడమే వృత్తి అయినవాళ్ళను ముట్టుకోవద్దన్నారు. బల్ల మీద దుప్పటి కప్పేసి మర్దనమ్మ ఖాళీ చేతులతో కూర్చుంది. సంఘంవాళ్ళు ఫోన్లోనే వీడియో సమావేశం పెట్టి, నిబంధనలు ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చారు. కార్యదర్శి నెమ్మదైన పెద్దాయన. "కుటుంబసభ్యులకు తప్ప ఎవరికీ మర్దన చేయరాదు. చేసినవారి సభ్యత్వం రద్దు" అని చదివి, ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాడు.

మర్దనమ్మ చెయ్యెత్తింది. "కుటుంబమంటే ఎక్కడ ఆగుతుందండీ? బాబాయిగారి తోడల్లుడు కూడా మా కుటుంబమే అంటారు మనవాళ్ళు. రేపు ఎవరి ద్వారానైనా జబ్బు పాకితే అందరూ మన వృత్తినే తిడతారు. మళ్ళీ మొదటికొస్తుంది. ఒకే కప్పు కింద ఉండేవాళ్ళకు తప్ప అని రాయండి."

తెర మీద చిన్నచిన్న గళ్ళలో ఉన్న తలలన్నీ ఊగాయి. ఆయన అలాగే రాసుకుని, ఆమెను పదిమందిలో మెచ్చుకున్నాడు కూడా. ఆ సంతోషం పట్టలేక ఆమె వెంటనే వదినకు ఫోన్ చేసింది.

"అయితే నన్ను కూడా కొట్టిపారేశావన్నమాట" అంది వదిన నవ్వుతూ.

"రెండు నెలల మాటే కదా వదినా!"

రెండు నెలలు అయ్యాయి, మూడూ అయ్యాయి. వదిన ఊళ్ళోవాళ్ళందరికీ మాస్కులు కుడుతూ మిషను మీదే కూర్చుంది. గురువారం సాయంత్రం ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవారు. ఒక గురువారం భుజం నొప్పంది. "మాస్కుల పుణ్యం" అని మర్దనమ్మ తేల్చేసింది. రబ్బరు బంతిని గోడకూ భుజానికీ మధ్య పెట్టి నొక్కుకోమని, ఎంతసేపు, ఎటువైపు అన్నీ ఫోన్లోనే నేర్పింది. వదిన చెప్పినట్టే చేసింది. తరువాతి వారం, "నీ బంతి గోడకి మర్దన చేస్తోందే, నాకు కాదు" అంది. ఆ పై వారం నొప్పి చేతిలోకి దిగింది. తరువాత చిటికెనవేలు తిమ్మిరెక్కింది. కత్తెర పట్టేవాళ్ళకు అది మామూలేనని మర్దనమ్మకు తెలుసు. ఎన్ని చేతులు చూడలేదు! కాకపోతే అవన్నీ పట్టుకుని చూసిన చేతులు.

భర్త ఉండబట్టలేక, "ఓసారి వెళ్ళి చూసి రారాదూ? ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"ఎవరూ చూడకపోతే తప్పు కాకుండా పోతుందా? ఆ ముక్క రాయించింది నేనండీ!" అని ఆమె గయ్యిమంది. మర్నాటి నుంచి అతను డ్యూటీకి వెళ్ళేముందు క్యారేజీ తీసుకెళ్ళి అక్క గేటు దగ్గర పెట్టి, రోడ్డు మీద నిలబడే నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవాడు.

ఆ రోజుల్లోనే ఒక గురువారం వదిన, "పోనీ నేనే మీ కప్పు కిందికి వచ్చేస్తే?" అంది.

మర్దనమ్మ నవ్వింది. "ఈయన రోజూ వందమందిని ఎక్కించుకుని తిరిగొస్తున్నారు వదినా. మీ వయసులో ఈ ఇంటికి రావడమంటే జబ్బుకి ఎదురెళ్ళడమే. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి."

"సరేలే, ఊరికే అన్నాను" అంది వదిన. ఆ తరువాత మాస్కుల గుడ్డ రంగు పోతోందని ఏదో చెప్పింది.

అయిదో నెలలో సంఘం తలుపులు తెరుచుకోవచ్చంది. కిటికీలు బార్లా తెరవాలి, బోర్లా పడుకోబెట్టకూడదు, మనిషికీ మనిషికీ మధ్య గది తుడవాలి. అన్నిటికంటే ముందు, గుమ్మం దగ్గరే ప్రశ్నల కాగితం నింపించాలి. ఒక్కదానికి అవునన్నా పద్నాలుగు రోజులు వెనక్కి పంపాలి. మర్దనమ్మ తెల్లవారుతూనే బల్ల కడిగింది, నూనె వేడిచేసింది. మొట్టమొదట పిలిచింది వదిననే.

వదిన ఉతికిన చీర కట్టుకుని వచ్చి గుమ్మం బయట కుర్చీలో కూర్చుంది. ముఖానికి తను కుట్టుకున్న మాస్కు. కళ్ళజోడు ఆవిరి పట్టి కళ్ళు సరిగా కనిపించడం లేదు.

"జ్వరం?"

"లేదు."

"దగ్గు?"

వదిన మాస్కు సరిచేసుకుంది. "వారం నుంచి కాస్త వస్తోందే. లేదని రాసుకోరాదూ?"

అక్కడ, ఆ గుమ్మంలో, ఆమె మరోలా అనొచ్చు. నేనైతే అనేదాన్నని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పలేను గాని, అనొచ్చు. కానీ మర్దనమ్మ కాగితం మీద అవును అనే రాసింది. "పద్నాలుగు రోజులే వదినా" అంది. వదిన మోకాళ్ళ మీద చేతులు ఊతం చేసుకుని లేచి, "నీ పరీక్షకి వచ్చి నేను నవ్వితే మార్కులు పోతాయన్నావు. చూడు, నా పరీక్షలో నేనే తప్పాను" అని నవ్వుతూ మూడు వీధులూ నడిచి వెళ్ళిపోయింది.

పద్నాలుగు రోజుల తరువాత కరోనా లేదని తేలిన కాగితం చేతపట్టుకుని మళ్ళీ వచ్చింది. దగ్గు మాత్రం పోలేదు. పరీక్ష కాగితం ఎలా ఉన్నా, దగ్గుంటే సంఘం ఒప్పుకోదు. మళ్ళీ పద్నాలుగు రోజులంటూ సంతకానికి మర్దనమ్మ కలం అందించింది. వదిన వేళ్ళలో అది నిలవలేదు. కింద పడింది. వంగి తీసుకుంది, మళ్ళీ పడింది. అప్పుడు మర్దనమ్మ ఆ చేతిని చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిండుగా ఉండాల్సిన కండ లేదు. గుంట పడింది. కళ్ళజోడు వెనక కుడికన్ను రెప్ప సగం వాలి ఉంది. కంఠతా పట్టిన పేర్లన్నీ ఒక్కసారిగా అర్థాలతో సహా గుర్తొచ్చాయి.

ఊపిరితిత్తి పైకొనన క్యాన్సర్ గడ్డ. భుజానికెళ్ళే నరాల్ని అదిమేస్తోంది. వెన్ను దాకా పాకింది. డాక్టరు సినిమా రీలులాంటి ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "మూడు నెలల కిందట వచ్చుంటే వేరేలా మాట్లాడేవాళ్ళం" అన్నాడు. ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. ఫోన్లో ఎవరు ఏ బంతి పెట్టించారో ఆయనకేం తెలుసు?

ఆసుపత్రి నుంచి నేరుగా వదినను తమ ఇంటికే తెచ్చుకున్నారు. పనిగదిలో బల్ల పక్కకు జరిపి మంచం వేశారు. ఒళ్ళు తుడవడానికి మర్దనమ్మ మొదటిసారి భుజం మీద చెయ్యి వేసింది. పాత ముడి పాతచోటే ఉంది. ముడి పక్కన కండ మెత్తగా, ఏ నొప్పీ ఎరగనట్టుంది. వేళ్ళు ముందుకు జరిగి మెడ కింది అడ్డఎముక పైనున్న పల్లంలో దిగాయి. అక్కడ రాయిలాంటి గడ్డ తగిలింది. నిమిషం పట్టలేదు. ఒక్క గురువారం, ఒకే ఒక్క నిమిషం ఆ చెయ్యి అక్కడ పడి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది.

"ఏమైందే, ఆగిపోయావు?" అంది వదిన.

"ఏం లేదు వదినా."

"ఇప్పుడు నిబంధన ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకుంటుంది."

"నీ చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి" అని వదిన కళ్ళు మూసుకుంది.

ఏడు వారాలు బతికింది. నొప్పి ఉన్నచోట నొక్కకూడదు కాబట్టి మర్దనమ్మ ఆమె పాదాలు పట్టేది. పొద్దున గంట, సాయంత్రం గంట. మిషను తొక్కి తొక్కి గట్టిపడిన మడమలు ఆఖరి వారానికి పసిపిల్లవి లాగా మెత్తబడ్డాయి. ఒక మధ్యాహ్నం ఆ పాదాలు ఆమె చేతుల్లోనే చల్లబడ్డాయి. తన చేతుల వేడి చాలడం లేదని ఎంతసేపో రుద్దుతూనే ఉంది. భర్త వచ్చి మణికట్టు పట్టుకుని ఆపాడు.

అతను ఆమెను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. తిట్టనిది మంచితనంవల్ల కాదని, అక్క వస్తానని అడిగిన సంగతి తెలియకేనని ఆమె లోలోపల కుమిలిపోయింది.

ఏడాది తిరిగేసరికి సంఘం నుంచి సభ్యత్వం కొనసాగింపు పత్రం వచ్చింది. కష్టకాలంలో ఒక్క ఫిర్యాదూ లేకుండా నియమం నిలబెట్టినందుకు ఆమెకు ప్రశంసాపత్రం ఇస్తున్నట్టు కార్యదర్శి జతచేసిన ఉత్తరమూ వచ్చింది. భోజనాలబల్ల దగ్గర కూర్చుని ఆమె ఒక్కొక్క గడీ నింపుతూ వచ్చి, ఆరో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. 'నిషేధకాలంలో మీతో ఒకే కప్పు కింద నివసించని వారినెవరినైనా తాకారా?' అది తన మాటే. అచ్చులో ఎంతో అందంగా ఉంది.

ఎదురుగా భర్త కూర్చుని యూనిఫాం చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. ఇదివరకు ఆ పని అక్క చేసేది. ఆమెకు ఇక మనసులో దాచుకోవడం చేతకాలేదు.

"ఏవండీ, మీకో సంగతి చెప్పలేదు. వదిన అప్పుడు నన్ను అడిగింది. మన ఇంటికి వచ్చేస్తానని. నేను నవ్వేశాను." ఆమె కలం కింద పెట్టింది. "మీతో చెప్పుంటే మీరు వెళ్ళి తీసుకొచ్చేవారు. నేనే చెప్పలేదు."

అతను సూది ఆపాడు.

"నన్నూ అడిగింది" అన్నాడు.

ఆమె తలెత్తింది.

"గేటు దగ్గర. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన రోజు. నేను వచ్చేస్తే మీ ఆవిడ కార్డుకేం కాదు కదురా అంది. నేను బస్సు సంగతి చెప్పాను. దానికి చెప్పినా ఒప్పుకోదులే అక్కా అన్నాను. ఊరికే అన్నాన్రా అంది." అతను చొక్కా పక్కన పెట్టాడు. "నీకు తెలిస్తే నన్ను క్షమించవని చెప్పలేదు."

వదిన ఇద్దరినీ అడిగింది. ఇద్దరూ వేర్వేరుగా, ఆమె మీద ప్రేమతోనే, వద్దన్నారు. మూడోవాళ్ళు ఆమెకు లేరు.

వాళ్ళు ఏడ్చారు. ఇంతకాలం ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చినవాళ్ళు, ఆ రోజు ఎదురెదురుగా కూర్చుని ఏడ్చారు. కాసేపటికి మర్దనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని కలం తీసుకుంది. ఆరో ప్రశ్న ఎదుట 'లేదు' అని రాసి, కింద సంతకం చేసింది. అందులో అబద్ధమేమీ లేదు.