'సెటిల్' అనే మాట, గోవిందప్ప కడుపుమంట

గోవిందప్పకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఈ సంగతి ఆయన్ని కలిసిన కాసేపటికే ఎవరికైనా తెలిసిపోతుంది, ఆయనే చెబుతాడు కాబట్టి. కదిరి నుంచి వచ్చి, మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్ కంపెనీలో కొత్త పిల్లలకు ఇంగ్లీషు పలకడం నేర్పే ఉద్యోగంలో కుదిరి, నల్లగండ్లలో కాపురం పెట్టాడు. ప్రతి బ్యాచ్‌కీ ఆయన చెప్పే పేరుమోసిన పాఠం ఒకటుంది. 'సెటిల్' అనే ఒక్క మాట మీద గంటసేపు మాట్లాడతాడు.

"అల్లుడు సెటిలయ్యాడా అంటే ఉద్యోగం. హోటల్లో సెటిల్ చేశానంటే బిల్లు. స్థలం దగ్గర సెటిల్‌మెంటంటే రౌడీలు. కాఫీపొడి అడుక్కి దిగినా సెటిలే, అల్లరి క్లాసును కూర్చోమన్నా సెటిలే" అని ఆయన వేళ్లు ముడుస్తూ పోతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. ఆ తెరిచిన నోళ్లు చూసుకునే గోవిందప్ప బతికాడు.

ఇంట్లో ఆ భాగ్యం లేదు. భార్య నాగమణికి ఇంగ్లీషు రాదు. కూతురు రమ్య బడిలో టీచర్లతో తానే మాట్లాడాలని ఆమె కోరిక. నేర్పమని ముందు మొగుణ్ణే అడిగింది. ఆమె 'ఇస్కూలు' అన్నప్పుడల్లా ఆయన చేతులు కట్టుకుని నిలబడి, "స్కూల్! నాలిక తిరగదా నీకు?" అని కసిరాడు. కొద్ది రోజులకే ఆమె పుస్తకం అటకెక్కించింది. పోనీలే, నా తలనొప్పి తగ్గింది అనుకున్నాడు ఆ మహానుభావుడు.

తలనొప్పి తగ్గలేదు, కడుపుమంటగా మారింది. శేరిలింగంపల్లి కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఆదివారం ఆడవాళ్లకు ఉచితంగా ఇంగ్లీషు చెబుతున్నారని విని నాగమణి అక్కడ చేరింది. చెప్పేది రమేష్. సిద్దిపేట వైపు కుర్రాడు, గోవిందప్ప ఆఫీసులోనే, ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు.

అప్పట్నుంచి ఇంట్లో రమేష్ జపం మొదలైంది. "రమేష్ సారు తప్పు మాట్లాడినా నవ్వరు." "రమేష్ సారు ఎన్నిసార్లడిగినా చెప్తారు." పెళ్లయిన ఇన్నేళ్లలో గోవిందప్పను ఆమె 'ఏమబ్బా' అనే పిలిచింది. ఊరందరి పిల్లల చేతా సార్ అనిపించుకున్న మనిషికి, ఆ ఒక్క 'సారు' వేరేవాడికి పోయినందుకు ఒళ్లు భగ్గుమంది. రమేష్ మీద ఆయనకు వేరే రకం అనుమానమేమీ లేదు. క్లాసు నుంచి వచ్చినప్పుడు ఆమె ముఖంలో కనిపించే వెలుగు తన వల్ల రాలేదని ఏడుపు, అంతే. అన్నం కూడా సహించేది కాదు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. టీవీ పెడితే తెలంగాణ, ఆంధ్ర, సెటిలర్లు అనే వాదనలే. గోవిందప్పకు మంచి సాకు దొరికింది.

"విన్నావా? మనల్ని సెటిలర్లంటాండారు. మీ సారు కూడా ఆ ఉద్యమంలోనోడే. రేపు నిన్ను క్లాసులో నిలబెట్టి అదే మాట నేర్పిస్తాడు సూడు."

"నేర్పిస్తే నేర్చుకుంటా. మీకేంది అంత మంట?" అంది నాగమణి.

ఆ ఆదివారం ఆటోలు కూడా బంద్. కూరగాయలకు పోవాలన్నా ఆటో పిలిచే మనిషి, చెప్పులేసుకుని నడిచే బయల్దేరింది. ఆ నడక చూసి గోవిందప్ప ఆగలేకపోయాడు. నాలుగు అంగలు వెనకగా, సిగ్గు విడిచి వెంబడించాడు. హాలు వెనక కిటికీ దగ్గర నక్కి నిలబడ్డాడు.

రమేష్ బోర్డు మీద రాసిన మాట 'సెటిల్'. గోవిందప్పకు గుండెలో కారం చల్లినట్టయింది. నా మాట! నా పాఠం! దొంగ వెధవ!

ముందు వరసలో సాయమ్మ, ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే ఆమె, చెయ్యెత్తింది. "సార్, టీవీల సెటిలర్లు సెటిలర్లు అంటున్నరు. గదేంది సార్?"

అందరూ నాగమణి వైపు చూశారు. ఆ గదిలో సీమ మనిషి ఆమె ఒక్కతే. వీడు ఇప్పుడు నోరు జారాలి, ఇది లేచి వచ్చేయాలి, ఇంకెప్పుడూ రమేష్ సారు అనకూడదు అని గోవిందప్ప కిటికీ ఊచ పట్టుకుని కోరుకున్నాడు.

"పాత ఇంగ్లీషుల సెటిల్ అంటే కూసునే జాగ అక్కా" అన్నాడు రమేష్. "వీపు ఆనించే పొడుగు చెక్కబల్లను ఇప్పటికీ సెటిల్ అనే అంటరట. సెటిలయిండంటే వచ్చి కూసున్నడు అన్నట్టు. తెలంగాణ రావాలె, గది నా కొట్లాట. నాగమణక్క మన నడుమ కూసునుడు వేరే ముచ్చట. కూసున్నోళ్లను లేవమంటమా?"

సాయమ్మ పక్కకు జరిగి నాగమణి భుజం తట్టింది. నాగమణి ముఖంలో మళ్లీ ఆ వెలుగే. గోవిందప్ప పళ్లు నూరుకున్నాడు.

"ఇన్ని సంగతులు మీకెట్లా తెల్సు సారూ?" అని అడిగింది నాగమణి.

"నాకేడ ఎరుక అక్కా! ఇదంత గోవిందప్ప సార్ చెప్పిండు. క్యాంటీన్ల చాయ్ తాగుకుంట, పక్కన కూసోబెట్టుకొని, నాకు సమజయ్యేదాంక చెప్పిండు. నీకేంది, ఇంట్లనే ఉంటడు, రోజూ చెప్తుండొచ్చు."

గోవిందప్ప ఛాతీ ఉబ్బింది. దొంగ వెధవ కాదు, బంగారం లాంటి కుర్రాడు అనుకున్నాడు. నాగమణి జవాబు కోసం చెవులు రిక్కించాడు.

ఆమె పెన్ను మూత తీసి పెట్టింది.

"నన్నెప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు సారూ. మీరు అదృష్టవంతులు."

ఆ గొంతులో ఉన్నదేమిటో గోవిందప్పకు వెంటనే తెలిసింది. ఇన్నాళ్లూ తన కడుపులో మండిందే అది. నాగమణికి రమేష్ మీద కుళ్లు.