ఏది తీయొద్దో చెప్పు

మా బోగోలు వీడియో అన్న పోయిన మంగళవారం తెల్లవారుజామున చనిపోయాడు. ఆదివారం బుచ్చిరెడ్డిపాలెంలో పెళ్లి తీసి వచ్చాడు. సోమవారం ఛాతీలో నొప్పన్నాడు. నాకు ఫోన్ చేసింది ఆయన భార్య. "మీ అన్న లేడబ్బయా" అంది. అంతే.

ఈ తీరంలో నేను ఇరవై ఏళ్లుగా విలేకరిని. తుపాను వచ్చినా, పడవ బోల్తా పడినా నా పక్కన కెమెరా ఆయనదే. ఛానెళ్లు వాడుకున్న క్లిప్పుకు మాత్రమే డబ్బులిచ్చేవి. అందుకే ఆయన ఇల్లు పెళ్లిళ్ల మీద, చర్చి కూటాల మీద నడిచింది.

ఒక పూటకు ఎనిమిది వేలని మొదలుపెట్టేవాడు. ఎదుటివాళ్లు నాలుగు అనేవారు. "మా బామ్మర్ది సెల్లులో ఇంతకన్నా బాగా వస్తాదిన్నా" అని ఎగతాళి చేసేవారు. ఆయన కోప్పడేవాడు కాదు. ఒక కాయితం మీద వరసగా రాసేవాడు: పెళ్లికూతుర్ని చేయడం, తాళి, తలంబ్రాలు, భోజనాలు, అప్పగింతలు. కాయితం వాళ్ల వైపు తిప్పి పెన్ను ఇచ్చేవాడు.

"తగ్గిస్తానన్నా. ఏది తీయొద్దో చెప్పు. నువ్వే కొట్టెయ్."

పెన్ను చేతులు మారేది. ఎవరూ కొట్టేసేవారు కాదు. అయినా బేరం ఐదు దగ్గరే తెగేది. ఆయన అన్నీ తీసేవాడు. షామియానా రేటు పెరిగింది, బిర్యానీ రేటు పెరిగింది, ఆయన ఐదు పెరగలేదు.

"ఎనిమిది మీదే నిలబడొచ్చు గదన్నా" అని ఒకసారి అడిగాను.

"నిలబడితే కావలాయన నాలుక్కి ఒప్పుకుంటాడు. ఇంక ఆ ఇంటికి నన్ను పిలవరు" అన్నాడు. కావలాయన అంటే కావలిలో ఇదే పని చేసే మరో వీడియోగ్రాఫర్. అడగకముందే నాలుగు అనే మనిషి.

నాకు తెలిసి ఆ కాయితం మీద గీత పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. చెల్లెలి పెళ్లికి భోజనాలు కొట్టేశాను. తినేవాళ్లను తీయడం దండగన్నాను. ఆయన నా మొహం చూశాడు.

"ఖాయమేనా?"

"ఖాయమేనన్నా."

ఐదు వేలన్నది నాలుగున్నర అయింది. చెప్పిన మాట ప్రకారం ఆయన భోజనాల వైపు కెమెరా తేలేదు. నాన్న అప్పటికే లేడు. కన్యాదానం బాబాయి చేశాడు. అమ్మ పీటల దగ్గరికి రానంది, రోజంతా వడ్డన దగ్గరే ఉంది. మూడు గంటల వీడియోలో అమ్మ ఎక్కడా లేదు. ఇప్పుడు అమ్మ కూడా లేదు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నిన్న అన్న జ్ఞాపకార్థ కూటం జరిగింది. పిలవకుండానే కావలాయన కెమెరాతో వచ్చాడు. వదిన ఎదురెళ్లి పూటకెంతని అడిగింది.

"అన్న కాడ డబ్బులేందక్కా. ఒద్దు."

"ఆయన గూడా ఊళ్లో సగం మందికి ఇట్టనే ఒద్దన్నాడు. ఎంతో చెప్పు."

"సరే, నాలుగియ్యక్కా."

"నాలుగు కాదు, ఎనిమిది. అది ఆయన రేటు. ఒక్కరు గూడా ఇయ్యలా. నువ్వన్నా తీసుకో. ఏదీ ఒదలకుండా తియ్."

కవరు అతని చేతిలో పెట్టింది. అతను కవరు బ్యాగులో పెట్టుకుని కెమెరా తీశాడు.

ప్రార్థన అయ్యాక భోజనాలు మొదలయ్యాయి. వద్దన్నా వినకుండా వదిన సాంబారు బకెట్ అందుకుంది. కెమెరా బంతి మొదటి నుంచి వచ్చింది, ఒక్కొక్క విస్తరి దగ్గరా ఆగుతూ. నా దగ్గరా ఆగింది. తర్వాత వదిన దగ్గరికి వెళ్లింది. ఆమె వంగి వడ్డిస్తూ వెనక్కి వెనక్కి అడుగులు వేస్తుంటే, బకెట్ ఖాళీ అయ్యేదాకా ఆమెతోనే నడిచింది.